అందరూ మెచ్చుకున్న నా కుంటి నడక

మా బొగ్గుబావుల వైపు నడుము నొప్పి అంటే ఎవరూ నమ్మరు. జ్వరమంటే నమ్ముతారు, షుగర్ అంటే నమ్ముతారు. నడుమని అనగానే మాత్రం ఎదుటి మనిషి పెదవి మీద ఒక చిన్న నవ్వు వస్తుంది. అయితే నీక్కూడా మొదలైందన్న మాట, అని ఆ నవ్వుకు అర్థం. ఈ సంగతి ముందు చెప్పకపోతే నా కాళ్లు ఎలా పోయాయో బయటివాళ్లకు అర్థం కాదు.

మా కంపెనీలో ఒక పద్ధతి ఉంది. పనిచేసే మనిషి జబ్బుపడి, ఇక డ్యూటీకి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ ఇంట్లో కొడుక్కో కూతురికో ఉద్యోగం ఇస్తారు. దాన్ని మేం 'అన్‌ఫిట్ కావడం' అంటాం. పద్ధతి మంచిదే, కష్టంలో ఉన్న ఇల్లు నిలబడాలని పెట్టిందే. కానీ ఇంట్లో చదువుకున్న పిల్లలు పనిలేక కూర్చుంటే వయసు మళ్లిన తండ్రి ఏం చేస్తాడు? బోర్డు ముందు కుంటడం నేర్చుకుంటాడు. నడుము నొప్పి ఏ మిషన్‌కూ దొరకదని మావాళ్ల నమ్మకం కాబట్టి అందరికీ నడుమే నొస్తుంది. పెళ్లి సంబంధాల్లో కూడా "పిల్లగాని నాయిన అన్‌ఫిట్ అయితడా?" అని అడుగుతారు. అవుతాడంటే ముఖాలు విప్పారతాయి.

నా పేరు సరోజన. గోదావరిఖనిలో ఒక బావి మీద ల్యాంపు రూములో పనిచేశాను. బావిలోకి దిగే ప్రతి మనిషికీ నెత్తిన పెట్టుకునే దీపం ఇవ్వడం, పైకి ఎక్కి వచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం నా పని. కిటికీలోంచి దీపం చేతికిస్తూ "పైలం" అనేదాన్ని, జాగ్రత్త అని. కొత్త పిల్లలు నవ్వేవారు, పాతవాళ్లు తలూపేవారు. నా భర్తకు ఆ కిటికీలోంచి ఆ మాట చెప్పే రాత నాకు లేదు. బావిలో కప్పు కూలి ఆయన పోయిన తర్వాతే ఆ ఉద్యోగం నాకు ఇచ్చారు. మా ఇంట్లోకి ఉద్యోగం ఎప్పుడూ అలాగే వస్తుంది, ఎవరో ఒకరు పడిపోయాక.

ఈసారి పడింది నేను. ఊపిరితిత్తుల్లో మొదలైన క్యాన్సర్ వెన్నుపూసల్లోకి పాకి, లోపలి నరాల తాడును నొక్కేసింది. ఇప్పుడు నొప్పి లేదు. రోజూ మింగే మాత్ర పనిచేస్తోందట, ఊపిరి బాగానే ఆడుతోంది. చేతులు నావే కాబట్టి రాస్తున్నాను. ఓదార్పు కోసం చదివేవాళ్లు నన్ను క్షమించాలి. నా దగ్గర అది తక్కువ, కోపం ఎక్కువ.

ఫిబ్రవరి

మొదట రెండు జబ్బల మధ్య, వెన్నులో ఒకేచోట సలుపు. పగలంతా ఓర్చుకోవచ్చు. వెల్లకిలా పడుకుంటే మాత్రం ఎముకలో మేకు దిగగొట్టినట్లుండేది. నడుము నొప్పి ఉన్నవాళ్లెవరైనా పడుకుంటే హాయిగా ఉందంటారు. నాకు పడుకుంటేనే నరకం. గోడకు దిండు పెట్టుకుని కూర్చుని కునికేదాన్ని.

దగ్గు కూడా ఉండేది. దాన్నెవరు లెక్కచేస్తారు? ఇటు బొగ్గు దుమ్ము, అటు కరెంటు ప్లాంటు బూడిద. మా గల్లీలో దగ్గని మనిషి కొత్తగా వచ్చిన చుట్టమై ఉండాలి. నేను బీడీ ముట్టలేదు, చుట్ట ముట్టలేదు. గ్యాసు రాకముందు ఏళ్ల తరబడి రాక్షసి బొగ్గు పొయ్యి మీద వండాను, అంతే. తర్వాత ప్రతి డాక్టరూ "పొగ తాగుతారా?" అని అడిగితే ఎవరి మీదో చాడీ చెబుతున్నట్లు ఆ పొయ్యి సంగతి చెప్పేదాన్ని. వాళ్లు తలూపి ఊరుకునేవారు.

డిస్పెన్సరీ డాక్టరు మొదటిసారి మాత్రలిచ్చాడు. రెండోసారి వెళ్లినప్పుడు వెన్నుపూసల మీద వేళ్లతో ఒక్కొక్కటిగా తడుతూ వచ్చాడు. ఒకచోటికి రాగానే నేను కేక వేశాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది. కరీంనగర్ వెళ్లి వెంటనే స్కాన్ తీయించుకోమన్నాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆయన చెప్పాల్సింది చెప్పాడు.

ఆ మాట ఇంటికి తెచ్చాను. అదే నేను చేసిన పెద్ద తప్పు.

మా మరిది పోశం అప్పటికి రిటైరై యూనియన్ ఆఫీసు బెంచీ మీద కూర్చుంటున్నాడు. ఎవరు ఎప్పుడు బోర్డుకు పోవాలో, ఏం మాట్లాడాలో చెప్పడంలో మా కాలనీలో ఆయన్ను మించినవాడు లేడు. నా కొడుకు శ్రీకాంత్ డిగ్రీ చదివి ఊళ్లో పార్సిళ్లు పంచుతున్నాడు. కోడలు మౌనిక. ముగ్గురూ నేను చెప్పింది విన్నారు. శ్రీకాంత్ నా వైపు చూడలేదు, వాళ్ల చిన్నాన్న వైపు చూశాడు.

"వదినె, తొందరపడకు," అన్నాడు పోశం. "బోర్డుకు నీ పేరు పెట్టినం. ఇప్పుడు కరీంనగర్ పోయి మందులు మింగి మంచిగైనవనుకో, బోర్డు ముంగట ఏం చూపిస్తవ్? జర ఓపిక పట్టు. అది అయిపోయినంక ఏ దవాఖానకంటె ఆ దవాఖానకు పోదాం."

"పండుకుంటె పానం పోతున్నది పోశం. కూసోని నిద్రపోతున్న."

"గదే! బోర్డుల గదే మాట చెప్పాలె."

మార్చి, ఏప్రిల్

ఎండలు ముదిరేకొద్దీ కాళ్లలో బలం తగ్గింది. కుర్చీలోంచి లేవాలంటే చేతులతో నొక్కి లేవాలి. పాదాల్లో తిమ్మిరి. పొట్టకు పైన ఎవరో తాడు చుట్టి బిగించినట్లు ఒక పట్టు. స్కాన్ సంగతి మళ్లీ ఎత్తాను. బోర్డు ఒకసారి వాయిదా పడిందన్నారు. మరోసారి ఎత్తితే ఇంకొంచెం ఆగమన్నారు. "నాకేదో అయితున్నదిరా" అని శ్రీకాంత్‌తో విడిగా చెప్పాను. వాడు నా చేయి పట్టుకుని, "అమ్మా, ఇన్నేండ్లు ఆగినం, ఇంకొన్నొద్దులు" అన్నాడు. ఆ చేయి పట్టుకోవడంలో ప్రేమ లేదని నేననను. అదే నన్ను ఎక్కువ కాలుస్తుంది.

ఇక మా రిహార్సల్ గురించి చెప్పాలి.

ఒక ఆదివారం సాయంత్రం పోశం వచ్చి క్వార్టర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బోర్డు ముందు ఎలా నడవాలో నేర్పుతానన్నాడు. మౌనిక గుమ్మంలో చాయ్ గ్లాసులతో నిలబడింది. పక్క క్వార్టర్ రాజన్న గోడ మీద మోచేతులు ఆనించాడు. ఆయన బోర్డుకు వెళ్లి, ఫిట్ అనిపించుకుని తిరిగొచ్చిన మనిషి. ఆ అవమానం ఆయనకు ఇంకా తీరలేదు.

"నడువు వదినె, గేటు దాక," అన్నాడు పోశం.

నడిచాను. కుడికాలు లేవలేదు. ఈడ్చుకుంటూ వెళ్లాను. బొటనవేలు నేలకు రాసుకుంటున్న చప్పుడు నాకే వినిపిస్తోంది.

"ఆహా! గదీ!" అని పోశం తొడ మీద చరుచుకున్నాడు. "నేను నేర్పకముందే వచ్చింది చూడు. చూసినవా రాజన్నా, గిట్ల ఈడ్వాలె కాలు!"

"నేను గింత మంచిగ చెయ్యలేకపోతి," అన్నాడు రాజన్న. ఆయన గొంతులో నిజంగా బాధ ఉంది. "సరోజన వదినెకు పక్కా అయితది."

"నేను చేస్తలేను," అన్నాను. "గట్లనే వస్తున్నది."

అందరూ నవ్వారు. అది కూడా పాఠంలో భాగమే అనుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు మోకాలు మడతపడి గేటు దగ్గర పడిపోయాను. మౌనిక చప్పట్లు కొట్టింది. కొట్టి, నా ముఖం చూసి ఆపేసింది. పోశం మాత్రం కుర్చీలోంచి కదలకుండా సలహా ఇచ్చాడు.

"పడుడు వద్దు వదినె. పడితె ఎక్కువైతది. డాక్టర్లకు అనుమానమొస్తది."

నేను లేవలేకపోయాను. శ్రీకాంత్ వచ్చి చంకల కింద చేతులు పెట్టి లేపాడు. నేను అంత బరువెందుకున్నానో వాడికి అర్థమై ఉండాలి. అర్థమైనా ఏమీ అనలేదు. ఆ రోజు నాకు మొదటిసారి చచ్చేంత భయం వేసింది. నా ఒంట్లో ఏం జరుగుతోందన్నది ఒక భయం. ఈ ఇంట్లో ఎవరికీ అది చెప్పుకోలేనన్నది రెండో భయం. నిజం చెబితే, బాగా చెప్పావు అని మెచ్చుకుంటారు.

మే

డ్యూటీకి వెళ్తూనే ఉన్నాను. గోడలు పట్టుకుని, కౌంటరు పట్టుకుని. నాతో పాటు ల్యాంపు రూములో రజియా పనిచేసేది. వాళ్లాయన ఖాజా కార్ల మెకానిక్కు. ఇంట్లో వాళ్లది ఉర్దూ, నాతో తెలుగు. కలిసి పనిచేసినన్నాళ్లూ ఆమె డబ్బాలో కూర నేను తిన్నాను, నా డబ్బాలోది ఆమె తిన్నది.

మా రామగుండం ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం షిఫ్టుకు బావి గేటులోంచి ల్యాంపు రూము దాకా సిమెంటు దారి పెనంలా కాలుతోంది. ఎలాగో నడిచి వచ్చి స్టూలు మీద కూర్చున్నాను. రజియా చేతిలో ఒక చెప్పు పట్టుకుని వచ్చింది.

"సరోజక్కా, నీ చెప్పు గేటుకాడ్నే ఊడిపోయింది. తెల్వలేదా?"

కిందికి చూసుకున్నాను. కుడిపాదం ఉత్తదే. ఆమె వంగి పాదాన్ని పైకి తిప్పింది. అడుగున బొబ్బలు లేచి ఉన్నాయి. నాకు ఆమె వేళ్లు తగిలినట్లు కూడా తెలియలేదు.

"యా అల్లా," అంది. "కాలింది అక్కా. తెలుస్తలేదా? ఇక్కడ? ఇక్కడ గిచ్చుతున్న చూడు."

"లేదు."

ఆమె నా పాదం ఒడిలో పెట్టుకుని, నా వైపు చూడకుండా, "ఇది నాటకం కాదు," అంది.

"నాటకమని ఎవలన్నరు?"

"అందరూ అంటున్నరు అక్కా. నేను గూడ అట్లనే అనుకున్న."

ఆ మాట చెప్పినందుకు నాకు ఆమె మీద కోపం రాలేదు. అనుకున్నానని ఒప్పుకున్నది ఆమె ఒక్కతే. మావాళ్లను అడగలేదు. ఖాజాకు ఫోన్ చేసి "జల్ది రా" అంది. రిపేరుకు వచ్చిన ఎవరిదో కారు వేసుకుని అతను వచ్చాడు. ఆమె నా మోకాళ్ల కింద చేతులు పెట్టి సీటు మీదికి జరిపింది. అప్పుడు చూసుకున్నాం, చీర తడిసి ఉంది. ఎప్పుడు తడిసిందో నాకు తెలియదు. రజియా తన చున్నీ తీసి నా ఒడిలో కప్పి, ఏమీ చూడనట్లు కిటికీలోంచి బయటికి చూసింది. శ్రీకాంత్‌కు ఫోన్ చేసింది దారిలో, పెద్దపల్లి దాటాక.

కరీంనగర్‌లో స్కాన్ తీసిన డాక్టరు నన్ను కూర్చోనివ్వలేదు. పలక మీద చదునుగా పడుకోబెట్టి, ఏదో ఇంజెక్షన్ ఇచ్చి, ఇప్పుడే హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడు. అంబులెన్సులో శ్రీకాంత్ నా తలవైపు, పోశం కాళ్లవైపు కూర్చున్నారు. నేను పైకప్పు చూస్తూ పడుకున్నాను. వెల్లకిలా పడుకునే నొప్పికి పళ్లు బిగబట్టి, ప్రతి గుంతకూ మూలుగుతూ. పోశం ఒకసారి నా పాదం పట్టుకుని నొక్కాడు. చూశాను గనక తెలిసింది.

హైదరాబాద్ దవాఖానలో ఒక లేడీ డాక్టరు వచ్చింది. నా కాళ్లు లేపమంది. ఎడమది ఒక బెత్తెడు కదిలింది, కుడిది లేదు. వేలితో పొట్ట నుంచి పైకి తాకుతూ, ఎక్కడ తెలుస్తోందో చెప్పమంది. రొమ్ముల కింద దాకా ఏమీ తెలియడం లేదు.

"కాళ్లు ఎప్పటి నుంచి ఇలా ఉన్నాయి?"

"నిన్న మొన్నటి సంది, మేడం," అన్నాడు పోశం.

"ఎండలు మొదలైనప్పటి నుంచి," అన్నాను నేను. "కాళ్లు గుంజుడు మార్చిలనే మొదలైంది. నొప్పి ఇంక ముందు నుంచే ఉన్నది."

ఆమె వాళ్లిద్దరి వైపు తిరిగింది. "మరి ఇన్నాళ్లు ఎందుకు ఆగారు?"

పోశం చెప్పులు చూసుకున్నాడు. శ్రీకాంత్ నోరు తెరిచాడు. "బోర్డు ఉండె మేడం."

"ఏ బోర్డు?"

ఆమెకు నిజంగానే తెలియదు. వాడు చెప్పడం మొదలుపెట్టాడు. అన్‌ఫిట్, డిపెండెంటు, డేటు, వాయిదా. మా కాలనీలో పసిపిల్లకు కూడా తెలిసిన మాటలు ఆ గదిలో పిచ్చివాడి మాటల్లా వినిపించాయి. సగంలో వాడే ఆగిపోయాడు. ఆమె తిట్టలేదు. తిడితే నాకు కొంచెం హాయిగా ఉండేది.

నా వైపు వంగి, నాకే చెప్పింది. "అమ్మా, గడ్డ వెన్నులో నరాలను నొక్కుతోంది. చాలా పూసల్లో ఉంది కాబట్టి ఆపరేషన్ కుదరదు. రేడియేషన్ వెంటనే మొదలుపెడతాం. నొప్పి తగ్గుతుంది, ఇంకా పైకి పాకకుండా ఆగుతుంది. మీరు నడుస్తూ వచ్చుంటే నడిపించి పంపేదాన్ని. ఇప్పుడు కాళ్ల గురించి మాట ఇవ్వలేను."

నేను ఏడవలేదు. వాళ్లిద్దరి ముందు ఏడవకూడదనుకున్నాను.

అదే వారం, నేల కింద

రేడియేషన్ గది నేలమాళిగలో ఉంది. లిఫ్టులో కిందికి తీసుకెళ్లారు. ఇన్నేళ్లు బావిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చాను గానీ నేను ఎప్పుడూ దిగలేదు. ఆ రోజు దిగాను, దీపం లేకుండా, పైలమని చెప్పేవాళ్లు లేకుండా.

బయట హాలులో స్ట్రెచర్ల వరస. గొంతుకు గుడ్డ చుట్టుకున్నవాళ్లు, ముక్కులో పైపున్నవాళ్లు. అందరూ ఒకే తలుపు వైపు చూస్తుంటారు. అది తెరుచుకున్నప్పుడల్లా ఒకరు బయటికి, ఒకరు లోపలికి. ఏసీ చల్లదనానికి పళ్లు కొట్టుకుంటున్నాయి. నా పక్క కుర్చీలో జుట్టంతా రాలిపోయిన నల్లగొండ ఆవిడ ఉంది. నన్ను ఏమీ అడగకుండా తన శాలువా తీసి నా కాళ్ల మీద కప్పి, అంచులు పాదాల కిందికి మడిచింది. నా కాళ్లకు చలి తెలియదని ఆమెకు చెప్పలేదు. చెబితే తీసేస్తుందేమోనని భయం. నాకా శాలువా కావలసి వచ్చింది.

లోపల బల్ల మీద బోర్లా పడుకోమనలేదు, వెల్లకిలానే. ఛాతీ మీదా పక్కల మీదా ముందే సిరాతో గీతలు గీశారు. టెక్నీషియన్ అమ్మాయి గీతలు సరిచూసుకుని, "కదలకండి అమ్మా," అంది.

"కదిలేటట్టుంటె ఇక్కడికెందుకొస్తును బిడ్డా," అన్నాను.

ఆ అమ్మాయి నొచ్చుకుంది. నా దుప్పటి సర్ది, "సారీ అమ్మా" అని నా నుదుటి మీద చేయి పెట్టి వెళ్లింది. ఆ పిల్ల చేసిన పాపమేముంది? కోపం సరైన మనిషి మీద చూపించడం నాకు అప్పటికింకా చేతకాలేదు.

తర్వాత అందరూ బయటికి వెళ్లి బరువైన తలుపు మూశారు. బావిలో మందుగుండు పేల్చే ముందు మనుషులందరినీ వెనక్కి పంపిస్తారని మా ఆయన చెప్పేవాడు. ఇక్కడ అందరినీ పంపించి నన్నొక్కదాన్ని ఉంచారు. మిషన్ గుర్రుమంటూ నా చుట్టూ తిరిగింది. ఏమీ తెలియలేదు, నొప్పి లేదు, వేడి లేదు. అంత భయపడి వచ్చింది ఇంతేనా అనిపించింది. ఈ చిన్న పనికి మార్చిలోనే వచ్చి ఉండొచ్చు కదా అని కూడా అనిపించి, అప్పుడు ఏడ్చాను. కదలకుండా ఏడవడం కష్టం. కన్నీళ్లు చెవుల్లోకి కారాయి.

రోజూ కిందికి, మళ్లీ పైకి. ఊపిరితిత్తి నుంచి సూదితో ముక్క తీశారు. మూత్రానికి పైపు. వాపు తగ్గే మందు వల్ల రాక్షసి ఆకలి, ముఖం పూరీలా ఉబ్బింది. పక్క తిప్పాలంటే నలుగురు కలిసి దుంగను దొర్లించినట్లు దొర్లించేవారు. ఆ నలుగురిలో ప్రతిసారీ శ్రీకాంత్ ఉన్నాడు. నా మలమూత్రాలు వాడే ఎత్తాడు, ముఖం చిట్లించలేదు. వాడి మీద అరవాలని నోరు తెరిచేసరికి వాడి చేతిలో నా పైపు సంచి ఉండేది. అరుపు లోపలే ఉండిపోయేది.

పోశం దవాఖాన బయట మెట్ల మీద పడుకున్నాడట. ఒక పొద్దున ఇడ్లీ తెచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. "ఇంతగనం అయితదనుకోలేదు వదినె."

"నడక నేర్పినోనివి నువ్వే గద పోశం," అన్నాను. "ఇప్పుడు నేర్పు."

ఇడ్లీ అక్కడ పెట్టి వెళ్లిపోయాడు. ఆ మాట అన్నందుకు నాకు సిగ్గు వేయలేదు, ఈ రోజుకీ వేయడం లేదు. ఇడ్లీ మాత్రం తిన్నాను. ఆకలి మందు అలాంటిది.

వానలు

ఇంటికి వచ్చాం. గుమ్మం మెట్టు పగలగొట్టి వాలుగా సిమెంటు పోశారు, చక్రాల కుర్చీకి. వెన్ను నొప్పి నిజంగానే పోయింది. ఎన్నో నెలల తర్వాత వెల్లకిలా పడుకుని నిద్రపోయాను. ఆ సుఖం చిన్నది కాదు, అబద్ధం చెప్పను.

ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి కాళ్లు వంచి చాచేవాడు. ఒకరోజు కుడి బొటనవేలు కదిలింది. మౌనిక చూసి వంటింట్లోకి పరుగెత్తి ఏడ్చింది. ఆ పిల్ల నాతో మాట్లాడటం తగ్గించి పని పెంచింది. రోజూ నా పాదాలకు నూనె రాసి, పుండు పడిందేమోనని మడమలు వెతికేది. ఆ రోజు చప్పట్లు కొట్టిన సంగతి మా ఇద్దరి మధ్యా ఇప్పటికీ రాలేదు. "అత్తమ్మా, జర పక్కకు తిప్పుతా" అంటుంది, తిప్పుతుంది.

బొటనవేలి తర్వాత ఇంకేమీ కదలలేదు. కదులుతుందని ఎదురుచూడటం కూడా ఒక డ్యూటీయే. పొద్దున లేవగానే దుప్పటి తీసి పాదాల వైపు చూసి, లే, అని చెప్పేదాన్ని. అవి వినేవి కావు. మిగతా ఇంట్లోవాళ్లలాగే.

రజియా షిఫ్టు దిగి రోజూ వచ్చేది. ల్యాంపు రూములో నా కుర్చీలో కొత్తమ్మాయి కూర్చుంటోందని, పైలమనడం ఆమెకు తెలియదని చెప్పింది. "నువ్వు చెప్పరాదూ" అన్నాను. "చెప్తున్న అక్కా. కానీ వాళ్లు నిన్నే అడుగుతున్నరు."

బోర్డు

బతుకమ్మ పండుగకు ముందు బోర్డు పిలుపు వచ్చింది. మేం అన్నాళ్లు కాచుకున్న బోర్డు.

నలుగురు కుర్చీతో సహా ఎత్తి వ్యానులో పెట్టారు. పోశం కూడా వచ్చాడు. దారిలో పాత అలవాటు కొద్దీ, "ఏం చెప్పాల్నో యాదికున్నదా వదినె?" అన్నాడు. అనేసి, తన నోరు తనే మూసుకున్నాడు. నేను నవ్వాను. చాలా రోజుల తర్వాత పగలబడి నవ్వాను. వ్యానులో ఎవరూ నాతో కలవలేదు.

ఆ వరండాలో బెంచీల నిండా మనుషులు. నడుములకు బెల్టులు, చేతుల్లో కర్రలు. కొందరు నిజంగా నొచ్చేవాళ్లు, కొందరు నేర్చుకున్నవాళ్లు, ఎవరు ఎవరో చూసి చెప్పలేను. నా కుర్చీ వెళ్తుంటే అందరూ దారి ఇచ్చారు. వాళ్ల కళ్లలో ఉన్నది జాలి అనుకున్నాను. దగ్గరికి వెళ్లాక చూస్తే కొందరి కళ్లలో అసూయ.

లోపల ముగ్గురు డాక్టర్లు. ఒకాయన నా రిపోర్టులు తిరగేసి, మర్యాదగా, "కుడికాలు ఒకసారి లేపండమ్మా," అన్నాడు.

లేపాలని చూశాను. నాకున్న బలమంతా పెట్టాను. కుర్చీ చేతులు పట్టుకుని, పళ్లు బిగించి, చెమట పట్టేదాకా. లేస్తే మా ఇంటి ఆశంతా కూలిపోతుంది. అయినా లేవాలని కోరుకున్నాను, దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. ఆ గదిలో కాలు ఎత్తాలని ప్రయత్నించిన మనిషిని నేనొక్కదాన్నేనేమో. శ్రీకాంత్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ క్షణంలో వాడేం కోరుకుంటున్నాడో వాడి ముఖంలో తెలిసేది. నేను అటు చూడలేదు.

"చాలమ్మా, చాలు," అన్నాడు డాక్టరు.

అన్‌ఫిట్ అయ్యాను. ఇంటికి రాగానే గోడ అవతలి నుంచి రాజన్న కేకేశాడు. "పనైందట గద వదినె! మిఠాయేది?" మా వైపు అది ఆనవాయితీ. శ్రీకాంత్ అప్పటికే డబ్బా తెచ్చి ఉంచాడు, ఎక్కడ పెట్టాలో తెలియక నా ఒడిలో పెట్టాడు. వచ్చినవాళ్లందరూ నా ఒడిలోంచే తీసుకుని తిన్నారు. రజియా మాత్రం తీసుకోలేదు. "నాకు షుగర్ అక్కా" అంది. ఆమెకు షుగర్ లేదు. నాకు కోవా ముక్క నోట్లో పెట్టారు. తిన్నాను, తియ్యగానే ఉంది.

ఇప్పుడు

నాలాగా వెన్ను సలిపేవాళ్లు ఎక్కడైనా చదువుతుంటే ఒక్కటే చెబుతాను. పడుకుంటే పెరిగే నొప్పి, కాళ్లలో తగ్గే బలం, ఒంటికి చుట్టుకున్న తాడు, తెలియకుండా తడిసే బట్ట. ఇవి వస్తే ఏ డేటు కోసమూ ఆగొద్దు. మిమ్మల్ని మెచ్చుకునేవాళ్ల మాట అసలు వినొద్దు. నా జబ్బు పోదు, నాకు తెలుసు. డాక్టరమ్మ దాచలేదు. ఉన్నన్నాళ్లు నడవగలిగేదాన్ని, అంతే నా ఏడుపు.

శ్రీకాంత్‌కు ట్రైనింగ్ అయిపోయి మొదటి షిఫ్టు పడింది. పొద్దున్నే బూట్లు వేసుకుని, టిఫిను డబ్బా పట్టుకుని నా కుర్చీ ముందు నిలబడ్డాడు. వాళ్ల నాన్నలాగే భుజాలు కొంచెం వంచి నిలబడతాడు.

"పోయొస్తనమ్మా."

వాడు కదలలేదు. ఏ మాట కోసం ఆగాడో నాకు తెలుసు. ఊరందరి పిల్లలకూ చెప్పిన మాట. నా నోటికి రాలేదు.

"ఇటు రా," అన్నాను. దగ్గరికి వచ్చి వంగాడు. వాడి వెన్ను మీద, రెండు జబ్బల మధ్య, నాకు మొదట సలిపిన చోట చేయి పెట్టాను. చొక్కా కింద వెచ్చగా ఉంది.

"ఇక్కడ ఎన్నడన్న నొస్తె, ఇంట్ల ఎవ్వలకు చెప్పకు. సీదా దవాఖానకు పో."

"అమ్మా..."

"షిఫ్టుకు ఆలస్యమైతది. పో."

వెళ్లాడు. గేటు దాకా వాడి కాళ్లనే చూశాను. రెండూ సరిగ్గా పడుతున్నాయి.